ఏడేండ్ల అక్కి

మా నంబరు నలభై ఏడు. గోడమీది బోర్డులో ముప్పై రెండు వెలుగుతోంది. ఇంకా పదిహేను మంది, మనిషికి నాలుగు నిమిషాలనుకున్నా ఒక గంట. ఆ గంటా ఈ వేలూరు ఆస్పత్రి వరండాలో, ఈ ఇనుప బెంచీ మీద, మా అత్త రాజాంబాళ్ పక్కన, ఆమె ఒళ్లో ఉన్న పసుపు గుడ్డ సంచిని చూస్తూ గడపాలి. గడుపుతాను, నాకేం. ఐదు వారాలు గడిపినదాన్ని గంట గడపలేనా? గుడియాత్తంలో మా ఇంట్లో ఇప్పుడు నా గ్లాసు వేరు, నా కంచం వేరు, నా చాప వంటింటి గడప అవతల. మగ్గానికి నూలు కండెలు మాత్రం నేను చుట్టినవే కావాలి. నా చెయ్యి తగిలిన గ్లాసు ముట్టరు గానీ నా చెయ్యి తగిలిన నూలుతో లుంగీ నేస్తారు, ఆ లుంగీ ఊళ్లు దాటి పోతుంది, ఎవరో కట్టుకుంటారు, దానికి ఏ మైలా లేదు. సంచిలో నావి నాలుగు చీరలున్నాయి. నేను సర్దలేదు, ఆమే సర్దింది. పొద్దున బయల్దేరేటప్పుడు "అదేంది అత్తా?" అని అడిగితే, "రిపోర్టులో ఆ జబ్బేనని వస్తే మళ్లీ గుడియాత్తం దాకా ఎందుకు? ఆస్పత్రి గేటు కాడే తిరువలం బస్సు ఎక్కేయ్. మీ అమ్మ ఉండాది గదా," అంది, కూరకు ఉప్పు చాలిందా అన్నంత మామూలుగా. బస్సులో ఆమె కునుకు తీసినప్పుడు సంచి మూతి విప్పి చూశాను. చీరలు, రవికలు, నా దువ్వెన. కోకిల గౌను ఒక్కటి లేదు. నా నాలుగేళ్ల పిల్లది ఒక్క గౌను కూడా లేదు. పంపేది నన్ను ఒక్కదాన్నే అని అప్పుడు అర్థమైంది.

ముందు బెంచీలో నా మొగుడు మణికంఠన్ కూర్చున్నాడు, వీపు మావైపు పెట్టి. కావాలనే ముందుకు పోయి కూర్చున్నాడు, మా ఇద్దరి మధ్య కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు కదా. తెల్లచొక్కా, వంచిన మెడ, చేతిలో ఫోను. బోర్డులో ముప్పై మూడు. ఎవరో ముసలామె లేచి లోపలికి పోయింది, ఫ్యాను గాలి ఇటు రావడం లేదు, ఫినాయిలు వాసన వస్తోంది, ఆ వాసనకు జ్వరం నాటి పగలు గుర్తొస్తోంది. ఏప్రిల్ చివర. అతను ఈరోడు పవర్‌లూమ్ షెడ్డుకు పోయి పద్దెనిమిది రోజులు. నాకు జ్వరం, నడుము లాగెయ్యడం, ఎడమ తొడ లోపలంతా కరెంటు పాకినట్టు చురుకు, రెండు రోజులకు చెప్పుకోలేని చోట పొక్కులు, ఒంటికి పోతే ప్రాణం పోయేంత మంట. చెప్పుకోలేని చోట! చూడండి, నేనూ అలాగే అంటున్నాను. కంటికొస్తే కన్ను అంటాం, చెవికొస్తే చెవి అంటాం, అక్కడికొస్తే మాత్రం నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడవాలి. నేను కుక్కుకోలేదు. నడవలేక అత్తకే చెప్పాను, ఆమె కూడా ఆడదే కదా అని. ఆమె ముందు పొక్కుల్ని చూసింది, తర్వాత గోడమీద కేలండరు చూసింది. "వాడు ఊళ్లో లేనప్పుడు నీకు ఈ పుండ్లు యాడనించి వచ్చినాయే?" అంది. అంతే, కేసు తేలిపోయింది. ఎవరు అనేది మాత్రం మిగిలింది, దానికి వారానికోసారి నూలు తెచ్చే దేవేంద్రన్ దొరికాడు. బండి ఆపి, గడప బయటే నిలబడి, నూలు కట్టలు దించి పోయే మనిషి. అతనికి నేను నీళ్లిచ్చాను. రెండుసార్లు. ఎండకు మనిషి ఒగరుస్తుంటే గుక్కెడు నీళ్లివ్వకుండా ఎలా ఉంటారండీ? ఆ రెండు చెంబుల నీళ్లు ఇప్పుడు మా వీధిలో మగ్గం మగ్గానికీ తిరుగుతున్నాయి. ఆదివారం మా వాళ్ల పెద్దమనుషులు మా ఇంటి వసారాలో కూర్చుంటారట. నన్నేం చేయాలో, పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేలుస్తారట.

ముప్పై ఐదు. ఒక నంబరు చూడకుండానే దాటిపోయింది. పొక్కులు లేచిన వారంలోనే ఇక్కడ నా రక్తం, పొక్కుల నీరు పరీక్షకు తీసుకున్నారు. పోయిన బుధవారం ఈ తలుపు అవతలే డాక్టరమ్మ సుగంతి నాకు బొమ్మ గీసి చూపించింది. అప్పుడు నా మొగుడు లోపలికి రాలేదు, టీ తాగొస్తానని పోయినవాడు నేను బయటికొచ్చే దాకా టీ తాగుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ మాట్లాడేది అరవమే అయినా నాకు మనసులో మన మాటల్లోనే నిలిచింది. ఇది వైరస్సమ్మా, హెర్పిస్ అంటారు, లోకంలో కోట్లమందికి ఉంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు, నువ్వు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు అంది. ఆ మాటకే నాకు సగం జ్వరం దిగినట్టయింది. చీటీ వెనుక నడుము ఎముక గీసింది, ఎముక పక్కన చిన్న ముడి గీసింది, ముడి నుంచి చర్మం దాకా సన్నటి గీత లాగింది. ఆ గీత నరం. మగ్గం మీద పోగులాగే, ఒక కొస ఇక్కడ, ఇంకో కొస అక్కడ. కలయికలో చర్మం మీదికి వచ్చిన వైరస్ ఆ పోగు పట్టుకుని పైకి పాకి, ముడిలో ఉన్న నరాల కణంలో దూరి పడుకుంటుందట. పడుకుంటే ఇక కదలదు, నెలలైనా, ఏళ్లయినా. మరి ఒంట్లో కాపలా ఉండదా అని అడిగాను. ఉంటుంది, రక్తంలోంచి కాపలా కణాలు వచ్చి ఆ ముడి చుట్టూ కూర్చుంటాయి అంది. అది అక్కడుందని వాటికి తెలుసట. తెలిసీ చంపవట. ఎందుకంటే దాన్ని చంపాలంటే అది పడుకున్న నరాల కణాన్ని కూడా చంపాలి, చర్మం చచ్చితే మళ్లీ పుడుతుంది గానీ నరాల కణం పోతే పోయినట్టే. అందుకని నరాన్ని బతకనిచ్చి, లోపలిది తల ఎత్తకుండా అదిమి పట్టి కాపలా కాస్తాయట, పగలూ రాత్రీ. మనిషికి జ్వరం వచ్చినా, నిద్ర లేకపోయినా, ఎండ దెబ్బ తగిలినా, దిగులు పట్టినా కాపలా సడలుతుంది. అప్పుడు అది అదే పోగు వెంబడి కిందికి జారి, వచ్చిన చోటికే వస్తుంది. ఒక్కోసారి పొక్కు కూడా లేకుండా చర్మం మీదికి వచ్చి పోతుంది, పక్కవాళ్లకు అంటేది అలా కూడానట. అని, పెన్ను మూస్తూ అడిగింది, "మీ ఆయనకు ఎప్పుడైనా, ఒకే చోట, పొక్కులు వచ్చి పోతుంటాయా?" నేను తడుముకోకుండా లేదండీ అన్నాను.

లేదండీ! ఎంత నిబ్బరంగా చెప్పాను! అతని బట్టలు ఉతికేదాన్ని, వీపు రుద్దేదాన్ని, నాకు తెలియకుండా ఏముంటుంది అనుకున్నాను. ముప్పై ఎనిమిది. అతను ఫోను జేబులో పెట్టుకోవడానికి ముందుకు వంగాడు. చొక్కా అంచు పైకి లేచింది. నడుము కింద, ఎడమ పక్క, తెల్లచొక్కా మీద ఎర్రటి మరక. అరచేతంత. నేను ముందు రక్తమనుకున్నాను. కాదు. ఇటుక రంగు. కావిమన్ను. మొన్న ఆదివారం తల్లీకొడుకులు నాకు చెప్పకుండా ఎటో పోయొచ్చారు, కుమ్మరి వేలాయుధం దగ్గరికన్న మాట, అక్కి రాయించుకుని వచ్చాడు, మూడు రోజులు నీళ్లు తగలకూడదు కాబట్టి ఇంకా ఒంటి మీదే ఉంది, చెమటకు తడిసి చొక్కాకు అంటుకుంది.

అక్కి. మాకు అది జబ్బు కిందికి రాదు. జలుబు చేస్తే మిరియాల రసం పెట్టుకుంటాం, అక్కి వస్తే కుమ్మరి దగ్గరికి పోతాం. ఆస్పత్రిలో చెప్పుకునేది కాదు అది. అందుకే నా నోట్లోంచి లేదండీ అని వచ్చింది, అబద్ధమాడాలని కాదు, నిజంగానే గుర్తు రాలేదు. వేలాయుధం ఇంటి ముందు చక్రం పక్కన పీట మీద బోర్లా పడుకోబెడతాడు. కావిమన్ను నీళ్లలో అరగదీస్తాడు, కోడి ఈకతో పొక్కుల చుట్టూ గీత గీస్తాడు, గీత లోపల సింహం బొమ్మ వేస్తాడు, ఏదో గొణుగుతాడు. సింహాన్ని చూసి అక్కి పారిపోవాలి. వారం పది రోజులకు పారిపోయేది కూడా. పెళ్లయిన ఐదేళ్లలో ఎన్నిసార్లు పోయాం? మన్ను అరగదీసింది నేను. ఒక్కోసారి సింహం తోక ఆరే దాకా విసనకర్రతో విసిరింది నేను. మూడు రోజులు అతనికి స్నానం లేకపోతే కావి అంటిన దుప్పట్లు ఉతికింది నేను. ఎండ ముదిరిందంటే చాలు, "తొడ లాగుతుండాది, వచ్చేటట్టు ఉండాది," అనేవాడు, రెండు రోజులకు వచ్చేది. నడుము కింద, ఎడమ పక్క. ఎప్పుడూ అక్కడే. ఓరి దేవుడా, ఎప్పుడూ అక్కడే! వచ్చిన చోటికే వస్తుంది అని డాక్టరమ్మ గీత గీసి చెప్పిందే, నా మట్టి బుర్రకు వారం పట్టిందే!

నలభై. ఇంకోటి కూడా గుర్తొస్తోంది, దాన్ని ఆపలేకపోతున్నాను. రెండేళ్ల కిందట వేలాయుధం ఈక నీళ్లలో పెట్టి, పొక్కుల్ని చాలాసేపు చూసి, అన్నాడు: "అప్పా మణీ, ఇది అక్కి కాదప్పా. మా తాత కాలం నించి రాస్తుండాం, అక్కి మనిషికి ఒగసారి వస్తాది, పోతాది. ఇట్లా ఏటేటా ఒగే చోటికి రాదు. పెద్దాస్పత్రిలో చూపించు." ఆ ముసలాయన బడి మెట్టు ఎక్కనివాడు. డాక్టరమ్మ చెప్పిన మాట రెండేళ్ల ముందే చెప్పాడు. అప్పుడు నా మొగుడు ఏమన్నాడు? నవ్వాడు. "సరి తాతా, నువ్వు రాసేయ్," అన్నాడు. ఇంటికొచ్చే దారిలో నాతో అన్నాడు, "వాడు చెప్పిండేది మా అమ్మతో అనొద్దు, ఊరికే కంగారు పడతాది." నేను అనలేదు. అమ్మంటే ఎంత ప్రేమ అనుకున్నాను. థూ! అనుమానం అతనికి ఆ రోజే ఉంది. తనకు ఏమిటో తెలియకపోయినా, ఏదో ఉందని తెలుసు. పోయిన బుధవారం చీటీ వెనక డాక్టరమ్మ గీసిన బొమ్మ ఇంటికి తీసుకుపోయి అతనికి చూపించాను కదా, ముడి చూపించాను, పోగు చూపించాను, ఏళ్ల తరబడి పడుకుంటుందట అని చెప్పాను కదా. అప్పుడు పూర్తిగా తెలిసింది. బొమ్మను మడిచి మగ్గం పక్క గూట్లో పెట్టాడు. నాలుగు రోజులకు పొక్కులు లేస్తే నాకు చెప్పకుండా తల్లిని వెంటబెట్టుకుని కావిమన్ను పూయించుకొచ్చాడు. దిగులుకు కాపలా సడలింది కాబోలు. ఏం దిగులో పాపం!

జబ్బు అంటించాడని కాదు నా కోపం. అది నిజం. పెళ్లికి ముందు ఎక్కడో, ఎప్పుడో, తెలిసో తెలియకో తెచ్చుకున్నాడు, ఆ వైరస్‌కి మాత్రం ఏం తెలుసు ఎవరి ఒళ్లో దూరుతోందో. వచ్చి నాతో, ఇదిగో మోహనా, నా వల్లే వచ్చినట్టుంది అని ఒక్క మాట అంటే, సరే పద ఇద్దరం మందు తెచ్చుకుందాం అని ఉండేదాన్ని. కబురందిన మర్నాడే ఈరోడు నుంచి వచ్చి, మగ్గం గుంటలో కూర్చుని ఐదు వారాలు వాళ్లమ్మ మాటలు విన్నాడు. ఆమె నన్ను ఏమేం అందో నేను ఇక్కడ చెప్పను, నా నోరు పాడవుతుంది. మగ్గం చప్పుడు ఒక్కసారి ఆగలేదు. ఆమె గొంతు పెరిగితే చప్పుడు కూడా పెంచాడు. ఆ కాపలా కణాలు కూడా తెలిసీ ఊరుకుంటాయట, కానీ వాటికొక న్యాయముంది, నరం బతకాలని ఊరుకుంటాయి. ఇతను ఎవరు బతకాలని ఊరుకున్నాడు? దేవేంద్రన్ మా వీధికి రావడం మానేశాడు, అతని పెళ్లాం నన్ను చూసి తలుపు వేసుకుంటోంది. నా పిల్లను ఎదురింటి సెల్లమ్మ అడిగిందట, మీ అమ్మ ఊరికి పోతుందంటనే, ఏడుస్తావా అని. అది పొద్దున నా కొంగు పట్టుకుని నన్నే అడిగింది, "మ్మా, నువ్వు పోతావా?" అని. సాయంత్రానికి వచ్చేస్తా అన్నాను. నలభై నాలుగు. ఇప్పుడే లేచి ఆ చొక్కా పైకెత్తి వరండాలో ఉన్న అందరికీ చూపించాలని చేతులు పీకుతున్నాయి. వద్దు. నేను చెబితే ఎవరు నమ్ముతారు? పట్టుబడింది కాబట్టి మొగుడి మీదికి తోస్తోంది అంటారు. నేను కాదు చెప్పాల్సింది. మా అత్త పక్కన చిన్నగా గురక పెడుతోంది, సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని.

నలభై ఏడు.

డాక్టరమ్మ ముగ్గురినీ చూసి, ముందు నన్నే అడిగింది, ఇది నీ విషయం, వీళ్ల ముందు చెప్పమంటావా అని. "చెప్పండి, వినాల్సింది వాళ్లే," అన్నాను. ఆమె కాగితం తిప్పింది. పొక్కుల్లో తీసిన నీటిలో వైరస్ ఉంది అంది. మా అత్త సంచిని ఒళ్లోకి లాక్కుంది. ఉండండి అంది డాక్టరమ్మ. "పొక్కులు వచ్చిన వారంలోనే తీసిన రక్తంలో పాత గుర్తులున్నాయి. ఆ గుర్తులు ఒంట్లో తయారవడానికి వారాలు, నెలలు పడుతుంది. అంటే మీ అబ్బాయి ఊరికి పోయాక వచ్చింది కాదు, ముందు నుంచే ఉంది. ఎప్పుడు, ఎవరి నుంచి అనేది రక్తం చెప్పదు." మా అత్త ఒక్క క్షణం ఆలోచించింది. ఆమెకు ఆలోచన ఎటు పోతుందో నాకు తెలుసు.

"అంటే వాడు ఊళ్లో ఉండేటప్పట్నించే నడుస్తుండాదన్న మాట. అయ్యో సామీ! నా కొడుకు మల్లెపువ్వు మాదిరి ఉండాడు డాక్టరమ్మా, వాడికి ఏమీ లేదు."

డాక్టరమ్మ అతన్ని అడిగింది. నేల చూస్తూ, "ఇల్ల డాక్టర్. నాకెప్పుడూ ఏమీ రాలేదు," అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! చొక్కా మీద ఎర్రగా ఉంది, అది వెనక ఉంది కాబట్టి డాక్టరమ్మకు కనబడదు.

నేను మా అత్త వైపు తిరిగాను. "అత్తా, మన వేలాయుధం హస్తవాసి గురించి డాక్టరమ్మకు చెప్పు. ఆయనకు అక్కి వస్తే ఎట్లా తగ్గిస్తాడో చెప్పు."

"దానికీ దీనికీ ఏం సమ్మందమే?"

"ఊరికే. వీళ్లకూ తెలియాల గదా."

మణికంఠన్ తలెత్తాడు. "అమ్మా, వద్దు," అన్నాడు. అంటే ఆమె ఆగే మనిషా? కుమ్మరి మాటొస్తే మా అత్తకు దేవుడి మాట వచ్చినట్టే. "ఎందుకురా వద్దు? చెప్పాల్సిందే. ఏడేండ్లుగా చూస్తుండా డాక్టరమ్మా, ఒగ మాత్ర వేసింది లేదు. పెండ్లికి రెండేండ్ల ముందు, వీడు మొదటిసారి ఈరోడు పోయి వచ్చినాడే, అప్పుడు మొదలైనాది. ప్రతి ఎండాకాలం వస్తాది, ఒగోసారి దీపావళికి కూడా వస్తాది. గుత్తిగా పొక్కులు, నడుము కింద ఎడమపక్క. ముందురోజే తొడ లాగుతాది వీడికి, కరెంటు మాదిరి చురుక్కుమంటాది. వేలాయుధం ఈక పట్టి రాసినాడంటే పది రోజుల్లో మాయం!"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎప్పుడూ ఒకే చోటా?"

"ఒగే చోట. ఇసుమంత మారదు. మొన్న ఆదివారం కూడా..." అని, మా అత్త అక్కడ ఆగింది. కరెంటు మాదిరి అన్న మాట ఐదు వారాల కిందట నా నోట కూడా విన్నది ఆమే. నా ముఖం చూసింది, కొడుకు ముఖం చూసింది. డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుంటూ, తెర వెనక్కి రండి అని అతన్ని పిలిచింది. అతను లేవలేదు. ఐదు వారాల్లో మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. ఏమిటా చూపు, బతిమాలడమా? ఇప్పుడా? "లెయ్," అన్నాను. "సింహం ఉండాది గదా ఒంటి మీద, భయమెందుకు?"

తెర వెనక నుంచి వచ్చినప్పుడు డాక్టరమ్మ తొడుగు వేళ్లు ఎర్రగా ఉన్నాయి. దూది పుల్లను సీసాలో పెట్టి, పరీక్ష వచ్చే దాకా పేరు పెట్టను, కానీ మందు ఇద్దరికీ ఇవాళే మొదలుపెడతాను, అంది. అతనితో మాత్రం మెల్లగా, "మీ అమ్మకు నేను చెప్పను. అది మీ పని," అంది. అతను చొక్కా అంచు కిందికి లాక్కుంటూ నిలబడ్డాడు. మేం ముగ్గురం ఆడవాళ్లం చూస్తూనే ఉన్నాం. అతనికి మగ్గం కూడా లేదు ఇక్కడ, చప్పుడు చేసుకోవడానికి. చెప్పాల్సింది ఇంకేం మిగలలేదని మా అత్త చేతులకు ముందు తెలిసింది, సంచి మీద పట్టు వదులైంది.

బల్ల మీద రెండు మందుచీటీలు. నాది మడిచి రవికలో పెట్టుకున్నాను. అతనిది అక్కడే వదిలేశాను, ఇకమీద తనది తనే మోసుకోవాలి. మా అత్త ఒళ్లోంచి సంచి తీసుకున్నాను. ఆమె అడ్డం పట్టలేదు గానీ, "యాడికే మోహనా?" అంది, ఐదు వారాల్లో మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచి.

"గుడియాత్తానికి. నా పిల్లకాడికి. సాయంత్రానికి వస్తానని దానికి చెప్పినా. ఆదివారం పెద్దమనుషులు వస్తారు గదా అత్తా, రానీ. దేవేంద్రన్‌ని కూడా పిలుస్తా, ఆయన పెండ్లాన్ని కూడా పిలుస్తా, వేలాయుధం తాతను నేనే పోయి తోడుకొస్తా. నేను నోరెత్తను. నువ్వే మాట్లాడు. ఇప్పుడు డాక్టరమ్మకు చెప్పినావే, అట్లే చెప్పు వాళ్లకు. ఏడేండ్లు, ఎడమపక్క, ఒగే చోట."